ఏపీ 36 – 2142

రఘునాథపల్లి,
9 జూన్ 2025

కుమారస్వామీ,

నిన్న నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావని మీ అక్క చెప్పింది. ముఖ్యమైన సంగతైతే ఉత్తరం రాయమని చెప్పించాను. ముఖ్యం కానిదైతే ఫోన్ మాత్రం ఎందుకు? ముప్పై అయిదేళ్ళు పోస్టాఫీసులో పనిచేసినవాడి బావమరిదే ఉత్తరం రాయకపోతే, ఊళ్ళో ఆ ఎర్రడబ్బా పిట్టల గూటికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇక అసలు విషయం. మా పింఛనుదారుల సంఘం దసరా ముందు ఆదివారం సభ పెడుతోంది. ఒక్కొక్కరు తమకు తెలిసిన ఒక విషయం మీద అరగంట మాట్లాడాలి. ఇరిగేషన్‌లో చేసిన రాజేశ్వర్ రావు చెరువుల గురించి మాట్లాడతానన్నాడు. ఆయన మొదలుపెడితే చెరువు ఎండేదాకా ఆపడు కాబట్టి నా వంతు ముందే పెట్టమన్నాను. నా విషయం 'వరంగల్ బండి నంబర్ల చరిత్ర'. నవ్వకు. మనిషికి చిరునామా ఎట్లాగో బండికి నంబరు అట్లాగే. చిరునామాల సంగతి ఈ మండలంలో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. నా సర్వీసు మొత్తంలో ఒక్క ఉత్తరం తప్పుడు ఇంటికి పోలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, రికార్డులో ఉన్నది చెబుతున్నాను.

నువ్వు మట్టెవాడలో నంబరు ప్లేట్లు రాయడం మొదలుపెట్టి దగ్గర దగ్గర నలభై ఏళ్ళవుతోంది. నీకు తెలిసిందంతా వరసగా రాసి పంపు. మొదటి ఉదాహరణ మాత్రం మన స్కూటరే. 1990లో నాకు సెలవు దొరక్క రిజిస్ట్రేషన్‌కు నిన్ను పంపాను. ఏపీ 36 – 2142 తెచ్చావు. అంకెలు కలిపితే తొమ్మిది. అంత మంచి నంబరు తెచ్చినందుకు మా అమ్మ నీకు సేమ్యా పాయసం చేసిపెట్టింది. ఆ బండి మీద నేను ఒక్కసారి కూడా పడలేదు. ఆ బండి మీద పరీక్షకు పోయే మా అమ్మాయి శోభారాణి టీచరైంది. ముప్పై అయిదేళ్ళలో ఒక్క చలాన్ రాలేదు. హెల్మెట్ పెట్టుకుంటే నాకు తలనొప్పి అని నీకు తెలుసు కదా, అయినా రాలేదు. తొమ్మిది అంటే అది.

ఈ ఏడు బండికి మళ్ళీ రెన్యూవల్ ఉంది. పాత బండ్లకు కూడా కొత్తరకం ప్లేట్లు పెట్టుకోమంటున్నారట. ఇంతకాలం ఆ కాగితాలన్నీ నువ్వే చూశావు. ఇప్పుడు నాకు తీరికే తీరిక, అందుకని నేనే ఆర్టీఏ ఆఫీసుకు వస్తాను. అమ్మ ఎర్రగుడ్డలో కట్టి దేవుని పటం కింద పెట్టిన ఆర్‌సీ మూట నేనెప్పుడూ విప్పలేదు. ఈ నెలాఖరుకు విప్పి, సభలో అందరికీ చూపిస్తాను.

బావ,
సదానందం

*

మట్టెవాడ,
17 జూన్ 2025

బావకు, కుమారస్వామి దండాలు.

మీ ఉత్తరం చదివి చాలా సంతోషమైంది. ఎంత సంతోషమైందంటే రెండురోజులు షాపే తెరవలేదు.

మీరడిగిన చరిత్ర రాస్తున్నాను. నేను పని నేర్చుకునేటప్పుడు బండి మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన అంకెలు ఉండేవి. తర్వాత ఏపీ 36 వచ్చింది. ముప్పై ఆరు అంటే వరంగల్. హైదరాబాద్ రోడ్ల మీద ముప్పై ఆరు కనబడితే మనవాళ్ళు ఆగి 'ఏ ఊరన్నా' అని అడిగేవాళ్ళు. ఉద్యమం రోజుల్లో కుర్రాళ్ళు సొంతంగా ఏపీ చెరిపించి టీజీ రాయించుకున్నారు. రాష్ట్రం వచ్చాక టీఎస్ అన్నారు, వరంగల్‌కు 03 ఇచ్చారు. జిల్లాలు విడిపోతే నర్సంపేట వైపు 24, మీ జనగామ వైపు 27 అయ్యాయి. పోయిన ఏడాది మళ్ళీ టీజీ అన్నారు. పాత బండ్లకు మార్చాల్సిన పని లేదంటే వినేవాళ్ళు తక్కువ. ఆటో ఓంప్రకాశ్ అని ఒకాయన ఏపీ తీసి టీజీ, టీజీ తీసి ఏపీ, ఏపీ తీసి టీఎస్, టీఎస్ తీసి టీజీ రాయించాడు. ఆయన ప్లేటు మీద రేకు కంటే నా పెయింటే మందం.

ఇప్పుడు ఫ్యాక్టరీలో అచ్చుగుద్ది వస్తున్నాయి. నా దగ్గర షాపుల బోర్డులు, పెళ్ళి కార్ల స్టిక్కర్లు మిగిలాయి.

ఒక్క మనవి. ఆర్‌సీ మూట మాత్రం మీరు విప్పకండి. పుస్తకం పాతబడింది, తెలియనివాళ్ళు ముట్టుకుంటే కాగితం పొడైపోతుంది. పైగా అది అత్తమ్మ చేతి ముడి. ఎండలు కూడా బాగా ఉన్నాయి, ఆర్టీఏ ఆఫీసు దగ్గర నీడ లేదు. వానలు మొదలైతే అక్కడ బురద. చలికాలం చూద్దాం. ఎప్పటిలాగే బండిని నాకు పంపితే సర్వీసింగ్, రెన్యూవల్ రెండూ చేయించి పంపుతాను.

మీ కుమారస్వామి

*

మట్టెవాడ,
17 జూన్ 2025

అక్కా,

ఈ ఉత్తరం నీ పేరు మీద వేశాను. ఇతరుల ఉత్తరం ఏడాదిపాటు కళ్ళముందు పడి ఉన్నా బావ విప్పడు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. బావ చేతులతోనే ఇది నీకు అందుతుంది.

బావ ఆ మూట విప్పితే నా పని అయిపోయినట్టే. అందులో ఉన్నది 2141. కలిపితే ఎనిమిది. ఆరోజు నేను ఆ నంబరు పట్టుకొని వస్తే నువ్వే కదా ఏడ్చావు. 'ఎనిమిదంటే శని, మా అత్తమ్మ ఈ బండిని గడప దాటనియ్యది, ఏదన్న ఒకటి చెయ్యిరా తమ్మీ' అన్నావు. నాకు ఇరవై ఏళ్ళు, చేతిలో బ్రష్ ఉంది, ఏదన్నా ఒకటి చేశాను. ఒకటిని రెండు చేశాను. పాయసం తిన్నాను.

అప్పటి నుంచి నాలుగుసార్లు రెన్యూవల్ వచ్చింది. నాలుగుసార్లూ సర్వీసింగ్ పేరుతో బండి తెప్పించుకొని, ఒక్కపూట అసలు ప్లేటు బిగించి, ఆర్టీఏలో చూపించి, మళ్ళీ తప్పుడు ప్లేటు బిగించి పంపాను. ఆర్‌సీ కూడా నాలుగుసార్లూ నువ్వే మూటలో నుంచి తీసి పంపి, అత్తమ్మ వేసినట్టే మళ్ళీ ముడి వేశావు. ఆ అసలు ప్లేటు ఈరోజుకీ షాపులో క్యాలెండర్ వెనకాల వేలాడుతోంది. కస్టమర్ క్యాలెండర్ వైపు చూస్తే తేదీ నేనే చెప్పేస్తాను.

ఆ మూట ఎక్కడన్నా దాచు.

తమ్ముడు

*

రఘునాథపల్లి,
24 జూన్ 2025

తమ్మీ,

మూటను బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టిన. డ్రమ్ము నిండా బియ్యమే, ఇంకో రెండు నెలలు ఫికర్ లేదు. ఈ ఉత్తరం కూడా మీ బావే డబ్బాలో వేస్తాడు. నీ కవరుకు గమ్ము సరిగా అంటలేదని తనే మళ్ళీ అంటించి నా చేతికిచ్చి, 'ఎవరి రహస్యం వాళ్ళది' అన్నాడు.

నీకు నవ్వులాటగా ఉందేమో గాని నాకు భయంగా ఉంది. వాళ్ళన్న వీరభద్రం సంగతి మరచిపోయినవా? పాత కవరు మీద ముద్ర పడని స్టాంపు ఉంటే ఊడదీసి కొత్త కవరుకు అంటించిండు. అంతే. సొంత అన్నతో పదకొండేళ్ళ నుంచి మాటలు లేవు. ఒక్క స్టాంపుకే అట్లా అయితే నీది ముప్పై అయిదేళ్ళ నంబరు.

నువ్వు పండుగకు రాకపోతే ఈ ఇంట్లో నాకు పండుగ ఎక్కడిది? ఆలోచించు.

అక్క

*

రఘునాథపల్లి,
21 జూలై 2025

కుమారస్వామీ,

నీ సమాచారం బాగుంది. ఓంప్రకాశ్ ప్లేటు సంగతి సభలో చెబుతాను, ఆయన పేరు మాత్రం చెప్పను. నా ప్రసంగం పదకొండు పేజీలైంది. 'చిరునామా మార్చినంత మాత్రాన మనిషి మారడు, కాని చిరునామా తప్పితే మనిషే తప్పిపోతాడు' అని మొదలుపెట్టాను. మీ అక్కకు చదివి వినిపిస్తే లేచి వంటింట్లోకి పోయింది. కళ్ళు తుడుచుకుంటూ కనబడింది. పెద్దగా చదువుకోని మనిషిని కూడా కదిలించిందంటే సభలో ఎట్లా ఉంటుందో ఊహించు.

ఒక విచిత్రం జరిగింది. ఆర్‌సీ మూట లేదు. దేవుని పటం ఉంది, వెండి కుంకుమ భరిణె ఉంది, అమ్మ వేసిన పాత నాణేలు ఉన్నాయి. వెండిని వదిలి ఆర్‌సీ ఎత్తుకుపోయిన దొంగ ఎవరై ఉంటాడు? పక్కింటి చిలుకమ్మను అడిగితే, దొంగ చదువుకున్నవాడై ఉంటాడన్నది. మీ అక్క ఎలుకలంటోంది. ఎలుక ముడి విప్పుతుందా?

నేను నిబంధన ప్రకారమే పోతాను. ఏపీ 36 – 2142 నంబరు గల బండి నాదని, ఆర్‌సీ పోయిందని పోలీసులకు నా చేతిరాతతో ఫిర్యాదు ఇస్తాను. ఆ కాగితం పట్టుకొని సెప్టెంబర్ మొదటి వారంలో వరంగల్ వచ్చి డూప్లికేట్ తీసుకుంటాను. నంబరు కొట్టగానే ఓనరు పేరు కంప్యూటర్లో వస్తుందట కదా, పనేమీ కష్టం కాదు. ఆరోజు మీ ఇంట్లోనే భోజనం. వంకాయ చేయించు.

బావ,
సదానందం

*

మట్టెవాడ,
11 ఆగస్టు 2025

అక్కా,

ఇక దాచడానికి చోటు లేదు. 2142 నంబరు అసలు ఓనరు మా షాపుకు వచ్చాడు.

మొన్న పొద్దున ఒక పెద్దాయన స్కూటర్ ఆపి, దిగిన తర్వాత కూడా హెల్మెట్ తీయకుండా మెట్లెక్కాడు. తెల్లగడ్డం. పేరు ఫకీర్ మహమ్మద్. నర్సంపేటలో టైలరింగ్ చేసి మానేశాడు. బండి కూడా మన బండి రంగే. నంబరు చూసి నేను పోయి క్యాలెండర్‌కు అడ్డంగా నిలబడ్డాను.

ఆయన ఫోన్‌లో ఏడు చలాన్ ఫొటోలు ఉన్నాయి. హెల్మెట్ లేని మనిషి వీపు, వెనక నుంచి తీసినవి. ఏడింటిలోనూ ఆ వీపు మన బావదే. బావకు ఒక్క చలాన్ రాలేదని గొప్పగా చెబుతున్నాడే, ఎట్లా వస్తుందక్కా? అన్నీ నర్సంపేట పోయాయి. పాపం ఆయన పడుకునేటప్పుడు తప్ప హెల్మెట్ తీయడు.

కట్టిన డబ్బుల గురించి ఆయనకు బాధ లేదు. బాధల్లా భార్య ఫాతిమా బేగంతో వచ్చింది. ఒక ఫొటోలో నువ్వున్నావు. ఆకుపచ్చ చీర, ఒళ్ళో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. నాలుగేళ్ళ కిందట ఇక్కడ కొనుక్కొని పోయావు చూడు, అది. ఆమె ఆ ఫొటో చూసి ఒకే మాట అడిగిందట. 'బండి నీది, నంబరు నీది. కుర్చీ పట్టుకొని ఎవరింట్ల కాపురం పెట్టవోయినవ్?' అప్పటి నుంచి ఆమె చాయ్ గ్లాసు ఆయన ముందు పెట్టదు, ఎదుటి గోడ దగ్గర పెట్టి పోతుంది. నాలుగేళ్ళుగా ఆయన లేచి పోయి తెచ్చుకుంటున్నాడు.

నన్ను ఎట్లా పట్టుకున్నాడో చెప్పనా? ఈ మధ్య మనవరాలు మెహనాజ్ ఆ ఫొటోను పెద్దది చేసి చూసిందట. ప్లేటు అడుగున సన్నటి అక్షరాలు. 'కె.ఎస్. ఆర్ట్స్, మట్టెవాడ'. నా చేతిరాతే నన్ను పట్టించింది. ప్లేటు రాస్తే కింద పేరు వేసుకోవడం మా పనిలో అలవాటు. దొంగప్లేటు మీద కూడా వేసుకున్న తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆయన అరవలేదక్కా, అరిస్తే బాగుండేది. 'గుస్స ఏం లేదు భయ్యా. జర ఆ సార్ ఒక్కసారి మా ఇంటికొచ్చి మా ఆమెకు ముఖం చూపిస్తే సాలు' అన్నాడు. ఎవరో గుర్తులేదు, రిజిస్టర్ చూసి చెబుతానని అబద్ధం చెప్పాను. అంతలో ఎవరో తొందరగా స్టిక్కర్ కావాలని వచ్చారు. ఆయన పక్కకు జరిగి 'ముందు వాళ్ళది సూడు భయ్యా, నాకేం జల్దీ లేదు' అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎందుకో ఇప్పుడు రాయలేను.

తమ్ముడు

*

రఘునాథపల్లి,
18 ఆగస్టు 2025

తమ్మీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నా వల్ల ఒక ఆడమనిషి నాలుగేళ్ళు మొగనితో సరిగా మాట్లాడలేదా? ఆ కుర్చీ కాలు కూడా విరిగిపోలే, ఇంకా వాకిట్లోనే ఉంది. దాన్ని చూస్తే సిగ్గు అవుతోంది.

మీ బావ పోలీసులకు ఇచ్చే కాగితం రాసి పెట్టుకున్నాడు. వచ్చే వారం ఇస్తాడట. జీవితంలో ఒక్క అబద్ధం రాయని మనిషితో మనిద్దరం కలిసి అబద్ధం రాయిస్తున్నం. అది నేను చూడలేను.

నువ్వే రాయి. నేను చెబితే నువ్వు నా చాటున దాక్కున్నట్టు అయితది. నా పేరు కూడా రాయి, దాచకు.

అక్క

*

మట్టెవాడ,
22 ఆగస్టు 2025

బావా,

ఈ ఉత్తరం నిలబడి చదవకండి, కూర్చొని చదవండి. మీ బండి నంబరు 2142 కాదు, 2141.

కలిపితే ఎనిమిది వస్తుందని, అత్తమ్మ ఒప్పుకోదని అక్క భయపడితే నేను ఒక అంకె మార్చి రాశాను. అక్క ఏడ్చిందే గాని ఎట్లా చేయాలో చెప్పలేదు. చేసింది నేను. ఆర్‌సీ బియ్యం డ్రమ్ములో ఉంది. చిలుకమ్మ చెప్పిన చదువుకున్న దొంగ కూడా నేనే. మీ చలాన్లు ఏడు, నర్సంపేటలో ఫకీర్ మహమ్మద్ అనే పెద్దమనిషికి పోయాయి. ఆయన ఇంట్లో దాని వల్ల ఎంత గొడవ అయిందో, ఎర్రకుర్చీ కథతో సహా అక్కను అడగండి. నేను రాస్తే నవ్వులాటకు రాసినట్టుంటుంది.

అక్కకు కూడా చెప్పనిది ఒకటుంది. 1990లో ఆర్టీఏ లైన్లో నా ముందు ఒకాయన నిలబడ్డాడు. నేను ఊరికే గడియారం చూసుకుంటుంటే 'జల్దీ ఉన్నదా భయ్యా? మీరు ముందు పోండి' అని తన చోటు ఇచ్చాడు. దవాఖానకు పోవాలని చెప్పాను. నిజానికి మ్యాట్నీకి టైమవుతోంది. నంబర్లు లైను ప్రకారం వచ్చాయి. నాకు 2141, నా వెనక ఆయనకు 2142. నా వంతు దాకా ఆగి ఉంటే ఆ తొమ్మిది మీకే, నిజంగా వచ్చేది. మొన్న షాపులో ఫకీర్ మహమ్మద్ గారు పక్కకు జరిగి వేరేవాళ్ళను ముందు పొమ్మంటే ఆ గొంతు గుర్తుపట్టాను. ఆయనే. చోటు ఇచ్చిన మనిషి నంబరు కూడా ఎత్తుకున్నాను.

బావా, ఎనిమిదేళ్ళప్పుడు నన్ను మీ ఇంటికి తెచ్చుకున్నారు. పోస్టుడబ్బాకు వేయగా మిగిలిన ఎర్రరంగు చేతికిచ్చి, తలుపు మీద ఇంటి నంబరు రాయమన్నారు. నేను మొదట రాసింది అదే. అక్షరం వంకర పోతే తుడిచి మళ్ళీ రాయించారు, ఒక్క దెబ్బ వేయలేదు. నాకు వేరే తండ్రి తెలియదు. మీరు వీరభద్రం అన్నతో మాట్లాడనట్టు నాతో మాట్లాడకుండా ఉంటే నేను తట్టుకోలేను. ఫోన్‌లో ఈ మాట చెప్పలేకపోయేవాణ్ణి. ఉత్తరం రాయమన్నది మీరే కాబట్టి రాయగలిగాను.

కుమారస్వామి

*

రఘునాథపల్లి,
2 సెప్టెంబర్ 2025

తమ్మీ,

నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదని తప్పు పట్టకు. నాకే ఏం తెలియదు, నీకేం చెప్పాలె?

మీ బావ నీ ఉత్తరం నిలబడే చదివిండు. రెండోసారి కూర్చొని చదివిండు. నన్ను కుర్చీ సంగతి అడిగిండు, చెప్పిన. తర్వాత నేను డ్రమ్ములో నుంచి మూట తీసి ముందు పెట్టిన. మూట ముడి తనే విప్పి, కళ్ళద్దాలు తుడుచుకొని, 'రెండు ఒకటి నాలుగు ఒకటి' అని పైకి చదివిండు. పోలీసులకు రాసిన కాగితం చింపిండు. స్క్రూడ్రైవర్ తెచ్చి బండి ప్లేటు ఊడదీసి ఎర్రగుడ్డలో కట్టి పెట్టిండు. ఆరోజు నుంచి బండి తీయలేదు, పాల కోసం కూడా నడిచే పోతున్నడు.

తిడతలేడు. అన్నం తింటున్నడు. ప్రసంగం పదకొండు పేజీలు పక్కన పెట్టి కొత్తగా ఏదో రాస్తున్నడు. నిన్న రాత్రి ఒక్కటే అడిగిండు. 'నర్సంపేటల ఆ ఫకీర్ మహమ్మద్ ఇల్లు ఎక్కడ?' నాకేం తెలుసు అన్నా. 'పేరు, ఊరు ఉంటే సాలు, నేను దొరకవడతా' అన్నడు.

నీ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. నాకు అదే భయం.

అక్క

*

రఘునాథపల్లి,
24 సెప్టెంబర్ 2025

కుమారస్వామీ,

నీ 22 ఆగస్టు ఉత్తరం అందింది. జవాబు నెలరోజులు ఆలస్యమైంది. నా సర్వీసులో ఇంత ఆలస్యం ఎన్నడూ లేదు.

పోయిన గురువారం మీ అక్కను తీసుకొని బస్సులో నర్సంపేట పోయాను. ఆ ఎర్రకుర్చీ కూడా తీసుకుపోయాం. అది లేకపోతే సాక్ష్యం పూర్తి కాదని మీ అక్క పట్టుబట్టింది. బస్సులో కండక్టర్ కుర్చీకి టికెట్ అడగలేదు గాని, ఖాళీగా ఎందుకని ఒక ముసలమ్మను దాని మీద కూర్చోబెట్టాడు. వరంగల్ మీదుగానే పోయాం. నీ షాపు దగ్గర దిగలేదు. దిగితే తిట్టాల్సి వస్తుంది, తిడితే నీ భార్య భోజనం చేసి పొమ్మంటుంది, రెండూ చేసేసరికి బస్సు పోతుంది.

ఇల్లు కనుక్కోవడానికి పది నిమిషాలు పట్టింది. నేను పేరు చెప్పి, 'మీకు రావలసినవి కాని కాగితాలు ఏడు మీకొచ్చినయి, అవి నావి' అన్నాను. ఫకీర్ మహమ్మద్ నన్ను లోపలికి పిలిచి, ముందు మీరు కూర్చోండి అన్నాడు. ఈ ముందు మీరు అనే మాట ఆయనకు ఎంత నష్టం చేసిందో ఆయనకు ఇంకా తెలిసినట్టు లేదు. 1990 లైను సంగతి నేను చెప్పాను. ఆయన నీ దవాఖాన మాట గుర్తు తెచ్చుకొని, 'ఆ పిల్లగాని పేషెంటు మంచిగైండా?' అని అడిగాడు. మంచిగానే ఉన్నాడని చెప్పాను.

ఫాతిమా బేగం అంత సులువుగా ఒప్పుకోలేదు. మీ అక్కను గోడవైపు తిప్పి, బండి మీద కూర్చున్నట్టు పక్కకు కూర్చోబెట్టి, ఒళ్ళో కుర్చీ పెట్టి, మెహనాజ్ ఫోన్‌లో ఫొటో పట్టుకొని పోల్చి చూసింది. తర్వాత నన్ను ముందు నిలబెట్టి వీపు చూసింది. చాలాసేపు చూసింది. చివరికి లోపలికి పోయి చాయ్ తెచ్చింది. ఆయన గ్లాసు ఆయన చేతికే ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకొని ఆయన కాసేపు తాగడమే మరచిపోయాడు. నేను తల దించుకున్నాను. హెల్మెట్ పెట్టుకుంటే తలనొప్పి అని ఇన్నేళ్ళు చెప్పాను, ఆ నొప్పి ఎవరికి పోయిందో అప్పుడు తెలిసింది. ఆయన కట్టిన చలాన్ల డబ్బులన్నీ నేను ఇచ్చేశాను. కుర్చీ అక్కడే వదిలి వచ్చాం. రెండు హెల్మెట్లు కొన్నాను. మీ అక్కది ఆకుపచ్చది.

ఆయన ఇంకో మాట చెప్పాడు. నిజమైన తొమ్మిది ఆయన దగ్గరే ఉంది కదా, ఆ బండి మీద రెండుసార్లు కాలు విరిగిందట. బస్సులో వస్తూ నేను పడకపోవడం, శోభారాణి ఉద్యోగం, అన్నీ ఎనిమిది ఖాతాలో వేయాలా అని ఆలోచిస్తుంటే, మీ అక్క 'సదివింది పిల్ల, మెల్లగ నడిపింది నువ్వు. నంబరేం జేసింది?' అన్నది.

ఇక నీ సంగతి. తప్పుడు ఊరికి పోయిన ఉత్తరాన్ని మా దగ్గర చింపి పారేయరు. పొరపాటున వచ్చిందని ముద్ర వేసి, సరైన ఊరికి పంపుతారు. నీకు కూడా ఆ నిబంధనే పెడుతున్నాను. అట్లా పెట్టాక వీరభద్రానికి వేరే నిబంధన ఉండకూడదు కాబట్టి ఈరోజు అన్నకు కూడా ఉత్తరం రాశాను. లోపల ఒక కొత్త స్టాంపు పెట్టాను. దసరాకు ఆయన కూడా రావచ్చు.

ఆదివారం సభలో పాత ప్రసంగం చదవడం లేదు. తప్పుడు చిరునామాతో ముప్పై అయిదేళ్ళు తిరిగిన ఒక పోస్టుమాస్టరు గురించి చెబుతాను. రాజేశ్వర్ రావు నవ్వుతాడు, నవ్వనీ. ఫకీర్ మహమ్మద్ దంపతులు కూడా వస్తామన్నారు.

కొత్త ప్లేటుకు స్లాట్ దసరా తర్వాత దొరికింది. ప్లేటు లేని బండికి పూజ చేయడం నాకు ఇష్టం లేదు. క్యాలెండర్ వెనకాల దాచినదాన్ని తీసుకురాకు, అది దాక్కొని దాక్కొని పాతబడింది. కొత్త రేకు మీద నీ చేత్తో 2141 అని రాసి పండుగ పొద్దున తీసుకురా. ఆ తర్వాత ప్రభుత్వం ఇచ్చింది బండికి పెట్టి, నువ్వు రాసింది తలుపు మీద ఇంటి నంబరు పక్కన కొట్టిస్తాను. అంకె ఈసారి సరిగా రాయి. అడుగున నీ పేరు కూడా రాయి, కొంచెం పెద్దగానే రాయి. ఆ పేరు లేకపోతే ఫకీర్ మహమ్మద్ నీ షాపు కనుక్కోలేకపోయేవాడు. ఎన్ని తప్పులున్నా పంపినవాడి పేరు ఉన్న ఉత్తరం ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి చేరుతుంది.

వంకాయ మీ అక్క చేస్తుంది. నువ్వు వస్తే చాలు.

బావ,
సదానందం